ఫ్యాన్ తిరుగుతోంది.. స్క్రీన్ మాత్రం నలుపే! వానాకాలంలో కంప్యూటర్ ఇలా మొండికేస్తే బోర్డు పోయినట్టేనా?

పవర్ బటన్ నొక్కారు.. క్యాబినెట్‌లో ఫ్యాన్ గిర్రున తిరిగింది.. ముందున్న లైటు కూడా వెలిగింది. అంతా బాగానే ఉందనుకుని మానిటర్ వైపు చూస్తే మాత్రం చీకటి. ఆపి, కాసేపు ఆగి, మళ్లీ ఆన్ చేసినా అదే వరస. వానలు మొదలయ్యాక ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా నెట్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, బడులు, ఎరువుల షాపులు.. డెస్క్‌టాప్ ఉన్న ఏ చోటైనా ఎదురయ్యే తంటానే ఇది. రిపేర్ షాపుల భాషలో దీని పేరు 'నో డిస్‌ప్లే'.

హైదరాబాద్‌లో అయితే పక్క వీధిలోనే ఎవరో ఒకరు చూసిపెడతారు. అదే చర్లలోనో, దుమ్ముగూడెంలోనో, గుండాలలోనో ఉన్న ఒక చిన్న నెట్ సెంటర్ సంగతి ఆలోచించండి. కాలేజీ అడ్మిషన్ల సీజన్. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు, కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన వాళ్లు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఉన్న ఒక్క కంప్యూటర్ ఇలా మొండికేసింది. ఇక క్యాబినెట్‌ను గోనె సంచిలో చుట్టి బస్సెక్కించాల్సిందే. భద్రాచలంలో పని కాకపోతే కొత్తగూడెం, అక్కడా కాకపోతే ఖమ్మం. భద్రాచలం నుంచి ఖమ్మం ఒక్కటే సుమారు 120 కిలోమీటర్లు. తీరా అంత దూరం మోసుకెళ్లాక షాపులో "బోర్డు పోయిందన్నా" అంటే వేల రూపాయల ఖర్చు, కనీసం రెండు రోజుల పని నష్టం.

అయితే ఆ మాట వినగానే తలూపాల్సిన పని లేదు. ఫ్యాన్ తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే బోర్డును అనుమానించాల్సింది అన్నిటికంటే చివర్లో. దానికంటే ముందు తేమ పట్టిన ర్యామ్, వదులైన కేబుల్, అయిపోయిన చిన్న బ్యాటరీ లాంటి అనుమానితులు చాలామందే ఉన్నారు. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక మెత్తటి బ్రష్, ఒక గంట ఓపిక ఉంటే వీటిలో చాలా వాటిని ఇంటి దగ్గరే తేల్చేయొచ్చు.

ఫ్యాన్ తిరిగితే కంప్యూటర్ బతికున్నట్టేనా?

కాదు. అందరూ పొరబడేది ఇక్కడే. పొలంలో మోటార్ శబ్దం చేస్తూ తిరుగుతున్నా పైపులోకి నీళ్లు రాని రోజులు రైతులకు తెలిసినవే. మోటార్‌కు కరెంటు అందుతోందని మాత్రమే ఆ శబ్దం చెబుతుంది. కంప్యూటర్ ఫ్యాన్ కథా అంతే. ఎస్‌ఎంపీఎస్ నుంచి 12 వోల్టులు అందితే చాలు, ఫ్యాన్ తిరుగుతుంది. దానికి ప్రాసెసర్ పని చేస్తోందా, ర్యామ్ ఉందా లేదా అన్నది అనవసరం.

అసలు తతంగం ఆ తర్వాత మొదలవుతుంది. ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలన్నీ నిలకడగా ఉన్నాయని నిర్ధారించుకుని 'పవర్ గుడ్' అనే సిగ్నల్‌ను బోర్డుకు పంపిస్తుంది. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో బూడిద రంగు వైరు పని అదే. ఆ సిగ్నల్ అందేదాకా ప్రాసెసర్‌ను బోర్డు ఆపి ఉంచుతుంది. అందాక ప్రాసెసర్ మేల్కొని బయాస్ చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ను చదవడం మొదలుపెడుతుంది. ముందు తనను తాను చూసుకుంటుంది, తర్వాత ర్యామ్‌ను, ఆ తర్వాత డిస్‌ప్లేను. ఈ పరీక్షనే 'పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్'.. పొట్టిగా 'పోస్ట్' అంటారు. 1981లో ఐబీఎం తొలి పీసీ వచ్చినప్పటి నుంచీ ఉన్న పద్ధతే ఇది.

ఈ వరసలో డిస్‌ప్లే వంతు ర్యామ్ తర్వాతే వస్తుందన్నది గుర్తుంచుకోవాలి. అందుకే ర్యామ్ దగ్గర పని ఆగిపోతే 'ర్యామ్ పని చేయడం లేదు' అని స్క్రీన్ మీద రాసి చూపించే వీలు కూడా కంప్యూటర్‌కు ఉండదు. ఆ సంగతి చెప్పాల్సిన నోరే ఇంకా తెరుచుకోలేదు మరి.

ఇదే లెక్కన ఇంకో ఊరట కూడా ఉంది. హార్డ్ డిస్క్ వంతు వచ్చేది వీటన్నిటి తర్వాత. స్క్రీన్ నల్లగా ఉన్నంత మాత్రాన అందులోని ఫైళ్లు, ఫొటోలు, దరఖాస్తుల స్కాన్ కాపీలు పోయాయని కంగారు పడనక్కర్లేదు. చాలా సందర్భాల్లో అవి క్షేమంగానే ఉంటాయి.

క్యాబినెట్ విప్పకముందే.. ఈ చిన్న పరీక్ష

ముందు తేల్చుకోవాల్సింది తప్పు కంప్యూటర్‌దా, మానిటర్‌దా అని. ఆన్ చేసి ఒక నిమిషం ఆగి కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కిన ప్రతిసారీ దాని లైటు వెలిగి ఆరుతోందంటే లోపల కంప్యూటర్ నడుస్తోందన్నమాటే. విండోస్ శబ్దం వినిపించినా అంతే. అప్పుడిక క్యాబినెట్ జోలికి వెళ్లొద్దు. మానిటర్, కేబుల్, ఆ రెండూ కలిసే చోటు.. తప్పు వీటిలోనే ఉంటుంది.

మానిటర్ చెప్పే మాటకూ అర్థముంది. 'నో సిగ్నల్' అని రాసి చూపిస్తోందంటే మానిటర్ బాగానే ఉంది, దానికి బొమ్మ అందడం లేదు. పవర్ లైటే వెలగకపోతే దాని అడాప్టర్‌నో, ప్లగ్గునో చూడాలి. లైటు వెలుగుతూ ఏ అక్షరమూ లేకుండా నల్లగా ఉంటే గదిలో లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చ్‌ను స్క్రీన్ మీద ఏటవాలుగా వేసి చూడండి. మసకమసకగా ఐకాన్లు కనిపిస్తే మానిటర్ వెనక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్ పోయింది. దీనికోసం క్యాబినెట్‌ను బస్సెక్కించిన వాళ్ల శ్రమంతా వృథా.

ఇక కేబుల్. పాత వీజీఏ మానిటర్‌ను కొత్త కంప్యూటర్‌కు కలపడానికి మధ్యలో చిన్న హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పెట్టడం ఈ మధ్య మామూలైపోయింది. ఆ కన్వర్టర్‌లో కూడా ఒక చిప్ ఉంటుంది, అదీ పాడవుతుంది. అనుమానం వస్తే దాన్ని పక్కన పెట్టి, పక్కింట్లో టీవీకి నేరుగా హెచ్‌డీఎంఐ తీగ కలిపి చూస్తే తేలిపోతుంది. వీజీఏ తీగ పిన్నుల్లో ఏదైనా వంగిందేమో కూడా చూడాలి. 15 పిన్నుల్లో 9వది లేకపోతే మాత్రం ఖంగారొద్దు. చాలా తీగల్లో దాన్ని కంపెనీ వాళ్లే పెట్టరు.

మరో పొరపాటు చదువుకున్న వాళ్లు కూడా చేసేది. కంప్యూటర్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీగను ఆ కార్డుకే పెట్టాలి. ఊడ్చేటప్పుడో, బల్ల జరిపేటప్పుడో ఊడిన తీగను పైనున్న బోర్డు పోర్టుకు తగిలిస్తే బొమ్మ రాకపోవచ్చు. ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ రకాలకు, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్‌కు, సొంత గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు పోర్టులో తీగ పెట్టి తెల్లవార్లూ కూర్చున్నా బొమ్మ రాదు.

ప్రింటర్, వేలిముద్ర యంత్రం.. అన్నీ పీకేయండి

మీసేవ కేంద్రాల్లో కంప్యూటర్‌కు వెనకా ముందూ బోలెడు తగిలించి ఉంటాయి. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, వెబ్ కెమెరా, పెన్‌డ్రైవ్. వీటిలో ఒక్క దాని లోపల షార్ట్ అయినా, లేదా యూఎస్‌బీ పోర్టులో లోహపు నాలుకలు వంగి ఒకదానికొకటి తగిలినా, బోర్డు అక్కడే ఆగిపోవచ్చు. కీబోర్డు, మానిటర్ తప్ప అన్నీ పీకేసి ఒకసారి ఆన్ చేయాలి.

అప్పటికీ రాకపోతే కరెంటు పూర్తిగా తీసేయాలి. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. ఆ తర్వాత పవర్ బటన్‌ను 15, 20 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఎందుకంటే ప్లగ్గు ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపి ఉన్నా సరే, బోర్డు మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఉంటుంది. ఊళ్లో కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు బోర్డు ఒక్కోసారి మధ్యస్థంగా, అటూ ఇటూ కాని స్థితిలో చిక్కుకుంటుంది. ఉన్న కాస్త కరెంటూ ఇలా ఖాళీ చేస్తే మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. రెండు నిమిషాల పని. ఏమీ విప్పక్కర్లేదు కాబట్టి ఎవరైనా చేయొచ్చు.

అసలు దొంగ.. ర్యామ్

వానాకాలంలో ముందుగా చెయ్యి వెళ్లాల్సింది ర్యామ్ మీదికే. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. 45 డిగ్రీల దరిదాపుల్లో ఉడికిపోతాయి. ఆ వెంటనే వానలు. గోదావరి గాలి, అడవి తేమ, గోడలకు చెమ్మ. వేసవి సెలవుల్లో నెలన్నర పైగా మూతపడిన బడి గదిలో కంప్యూటర్ ఈ రెండు కాలాలనూ నిశ్చలంగా భరిస్తుంది. జూన్‌లో బడి తెరిచి ఆన్ చేస్తే నో డిస్‌ప్లే. రోజూ నడిచే కంప్యూటర్ తన వేడితో తానే తేమను ఆరగొట్టుకుంటుంది. మూలపడ్డ దానికి ఆ అవకాశం లేదు.

ర్యామ్ అంచున బంగారు రంగులో వరసగా కనిపించే కాంటాక్టుల మీద నిజంగానే బంగారు పూత ఉంటుంది, కాకపోతే అతి పల్చగా. బంగారం తుప్పు పట్టదు. కానీ పూత అరిగిన చోట కింది లోహం, స్లాటులోని స్ప్రింగు పళ్లు, వాటి మధ్య చేరిన దుమ్ము.. వీటికి తేమ తోడైతే కంటికి కనిపించని పొర ఏర్పడుతుంది. ఒక్క కాంటాక్టు అందకపోయినా ర్యామ్ మొత్తం లేనట్టే లెక్క. మణుగూరు, కొత్తగూడెం లాంటి బొగ్గు ఊళ్లలో, పాల్వంచ లాంటి థర్మల్ ప్లాంట్ ఊళ్లో క్యాబినెట్ మూత తీస్తే నల్లటి మెత్తటి పొడి కనిపించడం మామూలే. దానికి చెమ్మ తగిలితే అంత తేలిగ్గా వదలదు.

చేయాల్సింది ఇది. ప్లగ్గు పీకి, పక్క మూత తీసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకాలి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు దిగిపోవడానికే ఇది. స్లాటు చివర్లలోని క్లిప్పులు వెనక్కి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. కాంటాక్టులను వేలితో ముట్టుకోకుండా అంచులు పట్టుకుని బయటికి తీయాలి. స్లాటులో దుమ్మును మెత్తటి బ్రష్‌తో ఊడ్చాలి. నోటితో ఊదొద్దు. ఉమ్మి తుంపర పడితే ఉన్న తేమకు ఇంకొంత తోడవుతుంది.

ఇక్కడే పెన్సిల్ రబ్బరు గొడవ. ర్యామ్‌ను రబ్బరుతో రుద్దితే బాగవుతుందని ప్రతి మెకానిక్కూ చెబుతాడు, బాగవడం కూడా చాలామంది కళ్లారా చూసిందే. అయితే అందులో సగం ఘనత రబ్బరుది కాదు. ర్యామ్‌ను తీసి మళ్లీ పెట్టేటప్పుడు స్లాటు పళ్లు కాంటాక్టులను గీరుతూ లోపలికి వెళ్తాయి. ఆ రాపిడికే పొర పోతుంది. గట్టి రబ్బరుతో పదేపదే రుద్దితే పల్చటి బంగారు పూతే లేచిపోయి వచ్చే వానాకాలానికి జబ్బు ఇంకా ముదురుతుంది. మందుల షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను శుభ్రమైన గుడ్డకు అద్ది తుడిస్తే మేలు. అది దొరకనప్పుడు తెల్లటి మెత్తని రబ్బరుతో ఒకటి రెండుసార్లు సుతారంగా రుద్ది, పొట్టు మిగలకుండా దులిపేస్తే సరిపోతుంది. శానిటైజర్ మాత్రం వద్దు. అందులో జెల్, నీళ్లు కలిసి ఉంటాయి.

మళ్లీ పెట్టేటప్పుడు గంటు ఉన్న వైపు సరిచూసుకుని రెండు చివర్లా 'టక్' మని క్లిప్పు పడేదాకా నొక్కాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కటే పెట్టి చూడాలి. రాకపోతే రెండోది. అదీ రాకపోతే వేరే స్లాటు. ఈ మార్పిడులు ఓపిగ్గా చేస్తే పోయింది ర్యామా, స్లాటా అన్నది కూడా తేలుతుంది. ఒక ర్యామ్ మీద కంప్యూటర్ కాస్త నెమ్మదిగా నడిచినా ఆ రోజుకు పని గడుస్తుంది.

చాలామంది ఓడిపోయేది ఈ తర్వాతి నిమిషంలో. ర్యామ్ మార్చాక తొలిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు దాన్ని కొత్తగా కొలిచి సర్దుకుంటుంది. డీడీఆర్4 రకాలకు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. కొత్త డీడీఆర్5 కంప్యూటర్లలో అయితే కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. ఈలోగా తానే ఆగి తానే లేవడమూ మామూలే. పది సెకన్లు చూసి, రాలేదని ఆపేస్తే సర్దుబాటు మళ్లీ మొదటికే వస్తుంది. ఆన్ చేసి ఒక టీ తాగి రావడం మంచిది.

బోర్డు బతికుందో లేదో చెప్పే 'బీప్'

బోర్డు పోయిందన్న అనుమానాన్ని తేల్చడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. ర్యామ్‌లన్నీ తీసేసి ఆన్ చేయాలి. బోర్డుకు చిన్న స్పీకర్ ఉంటే, ర్యామ్ లేదని గుర్తించిన బోర్డు ఆగకుండా బీప్‌లు కొడుతుంది. అలా అరిచిందంటే సంతోషించాల్సిందే. ప్రాసెసర్ బతికుంది, బయాస్ నడుస్తోంది, బోర్డులో చాలా భాగం బాగుంది. ర్యామ్ లేకుండా ఆన్ చేసినా నిశ్శబ్దంగానే ఉంటే మాత్రం కథ బోర్డు, ప్రాసెసర్, కరెంటు వైపు వెళ్తుంది.

చిక్కేమిటంటే అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో చాలా వాటికి ఈ బుల్లి స్పీకర్ పెట్టనే పెట్టరు. గోరంత వస్తువు, తక్కువ ధరకే దొరుకుతుంది. బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు తగిలించాలి. ఊళ్లో ఒకరి దగ్గర ఉన్నా పది కంప్యూటర్లకు పనికొస్తుంది. బీప్‌ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. పాత అవార్డ్ బయాస్‌లో ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లంటే డిస్‌ప్లే కార్డు తేడా. ఏఎంఐ బయాస్‌లో మూడు బీప్‌లైతే ర్యామ్, ఎనిమిదైతే డిస్‌ప్లే మెమరీ.

కొత్త బోర్డుల్లో బీప్‌కు బదులు నాలుగు చిన్న లైట్లు ఉంటున్నాయి. పక్కన సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది. ఎక్కడ లైటు ఆరకుండా నిలిచిపోతే తప్పు అక్కడ. ఆఫీసులు, బడుల్లో ఉండే బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో పవర్ బటన్ లైటే రంగు మార్చుకుని కొన్నిసార్లు మినుకుమంటుంది. ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టి, మోడల్ పేరుతో కలిపి ఫోన్‌లో వెతికితే కంపెనీ ఇచ్చిన అర్థం దొరుకుతుంది. ఆ మినుకును వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. షాపులో వంద మాటలు చెప్పే పని తప్పుతుంది.

బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ

అదే సీఆర్2032. చేతి గడియారాలు బాగుచేసే చోట కూడా దొరికే 3 వోల్టుల బ్యాటరీ. కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని, బయాస్ సెట్టింగులను కాపాడేది ఇదే. బ్యాటరీ బలహీనపడితే చాలా కంప్యూటర్లు తేదీ మర్చిపోయి ఊరుకుంటాయి. కొన్ని బోర్డులు మాత్రం సెట్టింగులు చెడి డిస్‌ప్లే ఇవ్వకుండా మొండికేస్తాయి. ప్లగ్గు పీకి, బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలు ఆగి, కొత్తది వేస్తే సెట్టింగులు కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి చేరతాయి.

డిస్‌ప్లే వచ్చాక తేదీ సరిచేయడం మర్చిపోవద్దు. తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే ప్రభుత్వ వెబ్‌సైట్లు, బ్యాంకు సైట్లు 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటూ తెరుచుకోవు. నెట్ పాడైందనుకుని రౌటర్‌తో గంటలు కుస్తీ పట్టే వాళ్లున్నారు.

కరెంటు, పిడుగు, ఎస్‌ఎంపీఎస్

ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోవడమూ పొరపాటే. ప్రాసెసర్‌కు కరెంటు విడిగా, నాలుగు లేదా ఎనిమిది పిన్నుల చిన్న కనెక్టర్ ద్వారా వెళ్తుంది. ప్రాసెసర్ పక్కనే ఉంటుంది. మట్టి రోడ్డు మీద ఆటోలో కుదుపులకు అది వదులైతే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. రిపేర్ చేసి తెచ్చిన కంప్యూటర్ ఇంటికొచ్చాక మళ్లీ మొరాయించిందంటే ముందు దీన్ని, తర్వాత ర్యామ్‌ను గట్టిగా నొక్కి చూడాలి.

మల్టీమీటర్ ఉంటే కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. నల్ల వైరు భూమి. ఇంతకంటే లోపలికి వెళ్లొద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అది అలాగే ఉండొచ్చు, ప్రాణం తీయొచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని ఎర్రటి చిన్న స్విచ్ ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని 115 వైపు జరిపితే మన 230 వోల్టుల కరెంటుకు 'ఢాం' మని పేలుతుంది.

పిడుగుల సంగతి వేరే. ఉరుముల వాన పడుతున్నప్పుడు ప్లగ్గు పీకే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. నెట్ తీగ పీకే అలవాటు మాత్రం లేదు. స్తంభాల మీదుగా వచ్చే రాగి తీగలోంచి కూడా ఆ దెబ్బ లాన్ పోర్టుకు, అక్కడి నుంచి బోర్డుకు చేరుతుంది. ఉరుముల వాన మర్నాడు నో డిస్‌ప్లే వస్తే, లాన్ పోర్టు దగ్గర నల్లటి మచ్చో, కాలిన వాసనో ఉందేమో చూడాలి. ఉంటే బోర్డు నిజంగానే పోయి ఉండొచ్చు. అలాగే బోర్డు మీది డబ్బాల్లాంటి కెపాసిటర్ల పైభాగం ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా రిపేర్ షాపు పనే. ఉబ్బిన కెపాసిటర్లను మార్చే మెకానిక్‌లు ఉన్నారు. అప్పుడు కూడా కొత్త బోర్డు ఒక్కటే దారి కాదు.

మూత తీసినప్పుడు చీమల పుట్టలు, బొద్దింకలు, ఎండిపోయిన బల్లి కనిపించినా ఆశ్చర్యపోవద్దు. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు వాటికి అంతకంటే ఏం దొరుకుతుంది? బోర్డు మీద రెండు పిన్నులకు అడ్డంగా పడిన పురుగు కూడా షార్ట్ చేయగలదు. క్యాబినెట్ వెనక ఖాళీగా వదిలేసిన కార్డు రంధ్రాలకు రేకు బిళ్లలు బిగిస్తే సగం బాధ తప్పుతుంది.

వరద నీళ్లలో మునిగిన కంప్యూటర్ అయితే.. ఆన్ చేయొద్దు

పైన చెప్పినవన్నీ చెమ్మకు సంబంధించినవి. మునిగిపోయిన కంప్యూటర్‌కు లెక్కే వేరు. భద్రాచలం వద్ద గోదావరికి 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022 జులై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత అదే అత్యధికం. 1986 నాటికి ఊళ్లో డెస్క్‌టాప్ ఉండటమే వింత. 2022 నాటికి మునిగిన ఇళ్లు, షాపుల్లో టీవీ, ఫ్రిజ్‌ల పక్కన కంప్యూటర్ కూడా చేరిపోయింది. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలోని బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ లాంటి కాలనీలను ముంచెత్తినప్పుడూ అంతే.

నీళ్లు తీశాక అందరూ చేసే మొదటి పని 'ఒకసారి ఆన్ చేసి చూద్దాం' అనడం. కంప్యూటర్‌ను చంపేది నీళ్లకంటే ఎక్కువగా ఈ ఒక్క నొక్కుడే. తడి ఉన్న బోర్డులో కరెంటు వెళ్తే షార్ట్ అవుతుంది, రాగి దారులు కొరుక్కుపోతాయి. ముందు ఆ సీఆర్2032 బ్యాటరీని తీసేయాలి. ప్లగ్గు లేకపోయినా బోర్డు మీద కరెంటు ఉండేది దానివల్లే. ఎస్‌ఎంపీఎస్ మునిగితే దాని మీద ఆశ వదులుకుని కొత్తది కొనుక్కోవడమే క్షేమం. బోర్డు, ర్యామ్‌కు పట్టిన ఒండ్రు ఎండకముందే శుభ్రమైన నీటితో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, నీడలో గాలి తగిలేలా రోజుల తరబడి ఆరబెట్టాలి. ఒండ్రు ఎండి గట్టిపడ్డాక చిప్‌ల కిందికి చేరినదాన్ని తీయడం కష్టం. బియ్యం బస్తాలో పెట్టడం వల్ల ఒరిగేది లేదు. బియ్యపు దుమ్ము అదనం.

హార్డ్ డిస్క్ విషయంలో మాత్రం ఎవరూ సాహసం చేయకూడదు. లోపల తిరిగే పళ్లెం ఉండే మామూలు హార్డ్ డిస్క్‌లలో ఎక్కువ వాటికి గాలి పీల్చుకోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. దాంట్లోంచి బురద నీళ్లు లోపలికి పోయి ఉంటే, ఆన్ చేసిన క్షణంలోనే పళ్లెం గీసుకుపోయి డేటా శాశ్వతంగా పోతుంది. అందులో విలువైనవి ఉంటే ఆన్ చేయకుండా, విప్పకుండా డేటా రికవరీ వాళ్లకే ఇవ్వాలి.

షాపుకు తీసుకెళ్లాల్సి వస్తే..

అన్నీ చూశారు, డిస్‌ప్లే రాలేదు. అప్పుడు బస్సెక్కక తప్పదు. కానీ ఇప్పుడు "ఆన్ అవ్వట్లేదు" అని కాకుండా "ఫ్యాన్ తిరుగుతోంది, పోస్ట్ అవ్వట్లేదు, రెండు ర్యామ్‌లూ మార్చి చూశాం, ర్యామ్ తీస్తే బీప్ వస్తోంది" అని చెప్పొచ్చు. ఈ మాట విన్న మెకానిక్ నేరుగా అసలు విషయంలోకి వస్తాడు. బోర్డు పోయిందంటే ఎలా తేల్చారో అడగాలి. షాపులో ఉన్న ఇంకో ర్యామ్, ఇంకో ఎస్‌ఎంపీఎస్ కళ్ల ముందే పెట్టి చూపించమనడంలో తప్పు లేదు. మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోవాలి.

హార్డ్ డిస్క్‌ను లేదా ఎస్‌ఎస్‌డీని ఇంట్లోనే విప్పి ఉంచేసి క్యాబినెట్ మాత్రమే తీసుకెళ్లినా నో డిస్‌ప్లే రిపేరుకు ఏ అడ్డూ ఉండదు. ముందే చెప్పుకున్నట్టు దాని వంతు డిస్‌ప్లే తర్వాతే. పది ఊళ్ల ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాల స్కాన్లు ఉన్న డిస్క్ ఎవరి బల్ల మీదా వారం పాటు పడి ఉండక్కర్లేదు.

అయితే కొత్త కంప్యూటర్లలో ఒక మెలిక ఉంది. విండోస్ 11 ఉన్న చాలా వాటిలో డిస్క్ బిట్‌లాకర్ తాళంతో ఉంటుంది, ఆ సంగతి యజమానికే తెలియకపోవచ్చు. బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయాస్ సెట్టింగులు చెరిపినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే ఆ కీ సాధారణంగా అదే ఖాతాలో దొరుకుతుంది. ఫోన్ బ్రౌజర్‌లో ఆ ఖాతా తెరిచి, కీని కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకోవాల్సింది కంప్యూటర్ బాగున్న రోజునే.